ఏడో నంబరు రైఫిలు

షూటింగ్ క్లబ్బు ఆయుధాల గది కిటికీకి అటువైపు ఏం మాట్లాడుకున్నా ఇటువైపు రాఘవులుకి వినిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాడు. ఎవరి స్కోరు ఎంతో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ పిల్ల తల్లి కోచ్‌ని ఫోనులో ఎంతసేపు నిలదీసిందో అన్నీ ఆ ఇనపచువ్వల సందులోంచే అతనికి చేరతాయి. విన్నది విన్నచోటే వదిలేసి చేతిలో గుడ్డతో గొట్టం తుడుచుకుంటూ పోవడం అతని పద్ధతి. ఆ బుధవారం మాత్రం గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

"రైఫిలు బాగానే ఉంది నిఖిలా," అంటున్నాడు కోచ్ డెస్మండ్ ఇంగ్లీషులో, ఓపిగ్గానే. "ఇదిగో దాని కార్డు. మూడు వారాల కింద రాఘవులు పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, బిగించి, 'అంతా సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టాడు. ఆయన సంతకం చేశాక నేను మళ్ళీ చూడను. కాబట్టి తేడా నీలో ఉంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ఉలిక్కిపడుతున్నావు. శనివారం సెలెక్షన్. అప్పటికి నీ సగటు పెరగకపోతే టీములో నీ చోటు రిజర్వులో ఉన్న అబ్బాయికి ఇవ్వక తప్పదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నారని మన సామెత. డెస్మండ్‌కి అది తెలిసే అవకాశం లేదు గానీ, మర్యాదగా అన్నది మాత్రం అదే. పైగా మద్దెల ఓడు కాదనడానికి సాక్ష్యం రాఘవులు చేతిరాత. అది అతనికి గుచ్చుకుంది.

నిఖిల కిటికీ దగ్గరికి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, ఇల్లు క్లెమెంటిలో, తల్లి పాయా లేబర్‌లో ఉద్యోగం. టీములో మిగిలిన ముగ్గురికీ సొంత రైఫిళ్ళున్నాయి. ఈమెకి క్లబ్బువాళ్ళ ఏడో నంబరే దిక్కు. బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించి, చువ్వల కింది ఖాళీలోంచి రెండు చేతులతో అందించింది. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"టార్గెట్ కాగితం ఏదమ్మా?" అన్నాడు రాఘవులు.

"పారేశాను అంకుల్. సో అగ్లీ లా."

"పారేసిందే తే. సూస్తాను."

చెత్తబుట్టలోంచి తీసి, నలిగినదాన్ని అరచేత్తో సాపు చేసి ఇచ్చింది. మంచి రోజుల్లో ఈ పిల్ల యాభై మీటర్ల దూరం నుంచి పది గుళ్ళు కాలిస్తే పది కన్నాలూ పది సెంట్ల నాణెం కింద దాక్కునేవి. ఇప్పుడు ఆరు కన్నాలు పైన ఒకచోట, నాలుగు కన్నాలు ఎడమపక్కన కిందికి ఇంకోచోట ఉన్నాయి. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ. రాఘవులు కాగితాన్ని ట్యూబులైటు కేసి ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఉలిక్కిపడ్డ సెయ్యి సెదరగొడుతుందమ్మా. నాలుగు దిక్కులా పోతాయి గుళ్ళు. ఇలాగ కుదురుగా రెండు కాపురాలు పెట్టదు."

నిఖిలకి కాపురాలు అర్థమయ్యాయో లేదో గానీ, తల ఎత్తింది.

"కానీ కోచ్ చెప్పారు కదా అంకుల్. మూడు వారాలైంది. మే బీ ఇట్స్ మీ. అమ్మ కూడా అదే అంటోంది, ఎగ్జామ్స్ స్ట్రెస్, మానెయ్యి అని."

"మానెయ్యమన్నారా! మకాన్ అయిందా నీకు, తిన్నావా? వెళ్ళు, ఏదైనా తిను. రేపు నాలుగింటికి రా."

ఆమె వెళ్ళాక అతను కాగితం పట్టుకుని కోచ్ గదికి నడిచాడు. అలా నడవడం అతనికి అలవాటు లేదు. కోచే కిటికీ దగ్గరికి వస్తాడు సాధారణంగా.

"తేడా రైఫిల్లో ఉంది కోచ్," అన్నాడు, కాగితం బల్లమీద పెట్టి.

డెస్మండ్ చూశాడు. చెడ్డవాడు కాదతను. పని మీద శ్రద్ధ ఉన్నవాడు, కాకపోతే అంకెలంటే మరీ నమ్మకం. "సరే. విప్పి బిగించినప్పుడు నీ వల్ల ఏమైనా జరిగిందేమో, చెక్క స్టాకు విప్పి చూడు మరి."

రాఘవులుకి చెవులదాకా వేడెక్కింది. "ఇరవై ఆరేళ్ళలో నేను బిగించింది ఏదీ తేడా చేయలేదు."

"చూశావా," అని నవ్వాడు డెస్మండ్, "నేనూ ఆ పిల్లకి అదే చెప్పాను."

రాఘవులు కాగితం తీసుకున్నాడు. తిరిగొచ్చి గదిలో కూర్చున్నాడు. ఆ గదిలో, కిటికీ పక్క గోడ మీద, ప్లాస్టిక్ కవరులో ఒక నోటీసు వేలాడుతోంది. క్లబ్బు ఆయుధాలకు పసుపు, కుంకుమ, పూలు వంటివి పెట్టరాదని కమిటీ ఉత్తర్వు. పోయినేడాది దసరాకి రాఘవులు పెట్టిన బొట్టు ఒకటి ఎవరో సభ్యుడి తెల్లకోటుకి అంటుకుంది. అంతే, కాగితం పుట్టింది. రాఘవులు తాత ఓడల రేవులో ఫిట్టరు, తండ్రి ఫిట్టరు. ఏడాదికోసారి పనిముట్టుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టకుండా మర్నాడు దాన్ని ముట్టుకున్న చెయ్యి ఆ ఇంట్లో లేదు. ఈ ఏడు దసరా వెళ్ళాక కమిటీవాళ్ళు వచ్చి చూస్తే ఒక్క తుపాకీ మీద కూడా చుక్క కుంకుమ కనిపించలేదు. సంతోషించి వెళ్ళారు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు అని వాళ్ళకి చెప్పడానికి రాఘవులుకేం పని?

గురువారం నాలుగింటికి వాన దంచుతోంది. రేంజి రేకుల మీద చప్పుడుకి మాట వినిపించడం లేదు. రాఘవులు ముందు తూటాలు మార్చాడు. పాత పెట్టె పక్కన పెట్టి, మిగతా ముగ్గురూ వాడే పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. నిఖిల బోర్లా పడుకుని పది కాల్చింది. అవే రెండు గుంపులు. తర్వాత ఆమెని లేవమని, బల్లమీద రెండు ఇసక సంచులు పేర్చి, వాటి మీద రైఫిలు పడుకోబెట్టి, తనే కాల్చాడు. చేతిదేమీ లేదు ఇక, ఇసకే మోస్తోంది. మొదటి నాలుగూ ఒకచోట తగిలాయి. అయిదోది గడప దాటి పక్కింట్లోకి పోయింది.

"సూశావా?"

"సేమ్ సేమ్," అంది నిఖిల, గొంతులో మొదటిసారి కొంచెం ప్రాణంతో.

డెస్మండ్ వెనక నిలబడి చూస్తున్నాడు. రాఘవులు అతని వైపు తిరగలేదు. జేబులోంచి రెండు ఉత్తుత్తి తూటాలు తీశాడు. చూడ్డానికి అసలువాటిలాగే ఉంటాయి, మందు ఉండదు. వాటిని అసలువాటిలో కలిపి, ఒక్కొక్కటీ నిఖిల చూడకుండా తనే రైఫిల్లో పెట్టి ఇచ్చాడు. ఢామ్. ఢామ్. మూడోసారి టిక్కుమంది, అంతే. ఉలిక్కిపడే మనిషైతే ఆ టిక్కు దగ్గర దొరికిపోవాలి. మోత లేకపోయినా భుజం ముందుకు తోస్తుంది, గొట్టం కొస కిందికి దిగుతుంది. నిఖిల చేతిలో గొట్టం అంగుళంలో వందో వంతు కూడా కదల్లేదు. మళ్ళీ ఢామ్, మళ్ళీ టిక్కు. కదల్లేదు.

డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు. "సరే రాఘవులు. ఆమె ఉలిక్కిపడడం లేదు. కానీ సెలెక్షన్ ఆరు వారాల సగటు మీద. చివరి మూడు వారాలూ కొట్టేయాలంటే కమిటీకి కారణం కావాలి. రైఫిలు ఎందుకో అలా ఉంది అంటే కుదరదు. ఏం చెడిందో, ఎప్పటినుంచి చెడిందో కార్డు మీద రాసి ఇవ్వు. శనివారం పదకొండు లోపల."

"ఇస్తాను," అన్నాడు రాఘవులు, అడిగిన దానికన్నా గట్టిగా.

శుక్రవారం పగలంతా ఏడో నంబరుతోనే గడిచింది. గురి చూసే అద్దాల స్క్రూలు ఒక్కొక్కటీ వేలిగోటితో తట్టి చూశాడు. గొట్టంలోంచి నూనె గుడ్డ తోసి, అటుచివర టార్చి పెట్టి, ఒక కన్ను మూసి ఇటునుంచి చూశాడు. మెలికలు తిరిగిన గాడులు అద్దంలా మెరిశాయి. గొట్టం మూతి మీద దూదిపింజ తిప్పాడు. ఎక్కడ చిన్న సొట్ట ఉన్నా దూది పోగు పట్టుకుంటుంది. పట్టుకోలేదు. బోల్టు తీశాడు, తుడిచాడు, పెట్టాడు. స్టాకు కింద ఉన్న రెండు పెద్ద స్క్రూలకి బిగువు కొలిచే టార్క్ రెంచి వేశాడు. ముల్లు గీత మీదే నిలబడింది. కార్డు మీద 'స్క్రూలు సరిగ్గా ఉన్నాయి' అని రాశాడు. విప్పలేదు. తను బిగించినవి తను విప్పడమేమిటి?

సాయంత్రం బూన్ లేలో ఇంటికి చేరేసరికి కుమారమ్మ జంతికలు వత్తుతోంది. చేతిలో గొట్టం తిప్పుతూనే మొగుడి మొహం చూసింది.

"ఏటయ్యా, ఇంకా ఆ పిల్ల తుపాకీయేనా?"

"రేపు దాన్ని తీసేస్తారే టీములోంచి."

"సొంత తల్లే మానెయ్యమంటంది అన్నావు కదా. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"నా సంతకం సూపించి దాన్ని దొంగని సేశారే. కత్తిపీటకే దురద."

కుమారమ్మ పిండి చేతులు తుడుచుకుంది. విరిగిన జంతిక ముక్కలు గిన్నెలో వేసి పెట్టింది. అతను తినడం మరిచిపోయి బొటనవేలితో బల్ల చెక్క మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

శనివారం ఎనిమిదిన్నరకే నిఖిల వచ్చేసింది. గదిలోకి రానివ్వకూడదు, కాబట్టి కిటికీ అవతల స్టూలు వేసుకుని చువ్వలు పట్టుకుని కూర్చుంది. రాఘవులు బల్లమీద పచ్చ ఫెల్టుగుడ్డ పరిచి, ఏడో నంబరు పడుకోబెట్టి, నిన్న చూసినవన్నీ మళ్ళీ చూడడం మొదలుపెట్టాడు. తొమ్మిదిన్నర అయింది.

"అంకుల్, ఇక్కడ ఏముంటుంది?" అని చెక్కకి, ఇనప భాగానికి మధ్య ఉన్న సన్నటి గీతని చూపించింది.

"గొట్టం, బోల్టు అన్నీ ఆ సెక్క ఒళ్ళో కూర్చుంటాయమ్మా. కింద రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి."

"అది ఓపెన్ చేయలేదు కదా?"

"అది నేను బిగించిందమ్మా. దానికేం కాలేదు."

అన్నాక ఆ మాట అతని చెవికే ఎబ్బెట్టుగా తగిలింది. రాఘవులు సంతకం పెట్టాడు కాబట్టి చూడక్కర్లేదు. ఈ మాట డెస్మండ్ అంటే మూడు రోజులుగా ఒళ్ళు మండుతోంది. తను అనుకుంటే మాత్రం పనితనమా? లోకమంతా వెతికి, దీపం కింది చీకటి వదిలేశాడు.

రెంచి తీసుకున్నాడు. ముందు స్క్రూ, వెనక స్క్రూ. చెక్కని ఎడంచేత్తో పట్టి, ఇనప భాగాన్ని పసిపిల్లని ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు పైకి ఎత్తాడు.

వెనక స్క్రూ కన్నం పక్కన, ఇనుము ఆనుకునే చోట, ఒక గింజ ఉంది. సగం నలిగి, రెండు పలుకులై, ఒక పలుకు చెక్కలోకి గుచ్చుకుని, ఇంకోటి కాస్త పక్కకి జరిగి ఉంది. పసుపురంగు ఇంకా పోలేదు.

"అంకుల్," అంది నిఖిల చువ్వల మీదికి వంగి, "ఈజ్ దట్ రైస్?"

రాఘవులు ఆ పలుకు మీదికి వంగాడు. కుమారమ్మ నెయ్యి, పసుపు రాసి కలిపి, కాగితం పొట్లంలో కట్టి ఇచ్చిన అక్షింతలు. దసరా రోజు ఏడు రైఫిళ్ళూ విప్పి, పైన బొట్టు పెడితేనే కదా వాళ్ళకి కనిపించేది అనుకుని, ఒక్కోదాని కడుపులో నాలుగేసి గింజలు వేసి, దణ్ణం పెట్టి, ఊది దులిపేసి బిగించాడు. ఆఖర్న ఏడోది. దాని దగ్గరికి వచ్చేసరికి వరండాలో డెస్మండ్ బూట్ల చప్పుడు. గబగబా దులిపి మూసేశాడు. మూసేసి, సంతకం కూడా పెట్టేశాడు. ఆ పలుకు మీద ఇనుము ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరుగుతుంటే రెండు కాపురాలు కాక ఏమవుతాయి! మూడు వారాలు తను దాచిన గింజకి ఈ పిల్ల తిట్లు తిన్నది. సిగ్గుతో అతని మెడ వంగిపోయింది.

కాసేపటికి పట్టుకారుతో రెండు పలుకులూ తీసి తెల్లకాగితం మీద పెట్టాడు. చెక్క గుంటని బ్రష్షుతో, తర్వాత స్పిరిటు గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడిచాడు. వేలు పెట్టి తడిమాడు. ఇనుము మళ్ళీ కూర్చోబెట్టి రెండు స్క్రూలూ కొంచెం ఇది, కొంచెం అది, మార్చి మార్చి బిగించాడు. ఈసారి తొందరపడలేదు. అప్పుడే డెస్మండ్ వచ్చి నిఖిల వెనక నిలబడ్డాడు.

"దొరికిందా?"

రాఘవులు కాగితం చువ్వల దగ్గరికి జరిపాడు. ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో చెప్పాడు. డెస్మండ్ గింజని చూశాడు, గోడమీద నోటీసుని చూశాడు, మళ్ళీ గింజని చూశాడు.

"రాఘవులు," అన్నాడు గొంతు తగ్గించి, "నెల రోజులుగా వాన. చెక్క చెమ్మకి ఉబ్బుతుంది. ఎక్కడైనా జరిగేదే. అలా రాస్తే ఆ మూడు వారాలూ కొట్టేస్తారు. ఎవరికీ ఏమీ కాదు. నీ కాంట్రాక్టు డిసెంబరులో కమిటీ ముందుకి వస్తుందని గుర్తుందిగా."

మంచికే అన్నాడు. రాఘవులుకి అది తెలుసు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, పెన్ను వాన మీదికి వంగింది. చువ్వల అవతల పిల్ల అతన్నే చూస్తోంది.

"మూడు వారాలు ఈ పిల్ల మీద పెట్టిన నేరాన్ని ఇప్పుడు వాన మీద పెట్టమంటారా కోచ్?" అన్నాడు. "వద్దు. పూజ చెయ్యడం నా తప్పు కాదు. మీ కాగితానికి జడిసి దాచి చెయ్యడం నా తప్పు. దాచబట్టే తొందరపడ్డాను. వచ్చే దసరాకి ఈ కిటికీ ముందు, బల్లమీద, అందరూ చూస్తుండగా చేస్తాను. వద్దంటే నన్ను పొమ్మనమనండి, వెళ్తాను. దొంగచాటుగా మాత్రం చెయ్యను."

కార్డు తీశాడు. అక్టోబరు రెండు నాటి తన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కింద పెద్దక్షరాలతో రాశాడు: లోపం రైఫిలుది. స్టాకు లోపల బియ్యపు గింజ. పెట్టింది నేను. పై తేదీ నుంచి కాల్చినవారి తప్పు లేదు. రెండు పలుకులనీ ఆ అక్షరాల పక్కన పెట్టి పైన సెల్లో టేపు అంటించాడు, ఎవరూ ఊదేయకుండా.

డెస్మండ్ కార్డు చదివాడు. నిట్టూర్చాడు. "సోమవారం కమిటీకి చూపించాలి ఇది. అప్పటిదాకా నువ్వు రైఫిళ్ళకి సరిచూసిన సంతకం పెట్టకూడదు, నియమం అది. ఈరోజుకి నేను పెడతాను." జేబులోంచి పెన్ను తీశాడు.

"నో," అంది నిఖిల.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. మూడు వారాలుగా నేలని చూసి మాట్లాడిన పిల్ల, మెడ నిటారుగా పెట్టి నిలబడింది.

"సారీ కోచ్. అంకుల్ సంతకం లేకపోతే నేను కాల్చను." తర్వాత తనకి తెలియకుండానే తెలుగులో, తడుముకుంటూ, "ఆయన తప్పు చేస్తే చెప్పేశారు కదా. ఇంక ఆయన బాగుంది అంటే బాగున్నట్టే. మీరు లోపల చూడలేదు, లా."

పదకొండుకి పది నిమిషాలుంది. డెస్మండ్‌కి తెలుగు రాదు గానీ, మొదటి ముక్క చాలింది. ఆమెని చూశాడు, గడియారం చూశాడు. ఆఖరికి కార్డు కింద తన పేరు రాసి, దాని పైన రాఘవులు సంతకానికి జాగా వదిలి, పెన్నుని చువ్వల సందులోంచి లోపలికి తోశాడు.

రాఘవులు వెంటనే తీసుకోలేదు. బోల్టు తెరిచి లోపల చూశాడు. రెంచి మళ్ళీ వేసి ముల్లు చూశాడు. గొట్టానికీ చెక్కకీ మధ్య కాగితం ముక్క దూర్చి ఈ కొస నుంచి ఆ కొసకి లాగాడు, ఎక్కడా తట్టుకోలేదు. అప్పుడు పెట్టాడు సంతకం. ఒక్క అక్షరమూ వంకర పోలేదు.

నిఖిల రైఫిలు అందుకుని వెళ్ళింది. కిటికీలోంచి రేంజి కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. రాఘవులు స్టూలు మీద కూర్చుని ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఊరికే, చేతిలో గుడ్డ లేకుండా విన్నాడు. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఊపిరి పట్టేంత విరామం. ఏడు, ఎనిమిది. తొమ్మిదోదానికి ముందు కాస్త ఎక్కువసేపు నిశ్శబ్దం. తర్వాత పది.

ఆమె కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. వెనక డెస్మండ్ వస్తున్నాడు, అతని మొహం చూస్తేనే స్కోరు తెలిసిపోతోంది. నిఖిల కాగితాన్ని కిటికీ గట్టు మీద పరిచి, పది సెంట్ల నాణెం తీసి కన్నాల మీద పెట్టింది. తొమ్మిది కన్నాలు దాని కిందికి పోయాయి. ఒక్కటి మాత్రం కుడిపక్కన, అంచు దాటి బయటికి కనిపిస్తోంది.

రాఘవులు వంగి, ఆ కన్నం మీద వేలు పెట్టాడు. "ఇదేటమ్మా? మళ్ళీ విప్పి సూడమంటావా?"

"అక్కర్లేదు అంకుల్," అంది నిఖిల, నాణెం జేబులో వేసుకుంటూ. "అది రైఫిలుది కాదు. తొమ్మిదోది. తొందరపడ్డాను. అది నాది."